యాంప్ కొనాలా వద్దా? ముందు ఆపిల్ డాంగిల్ పెట్టి చూడండి

హెడ్‌ఫోన్‌లో శబ్దం తేడాగా వస్తే చాలామందికి ముందు తట్టేది యాంప్, అంటే యాంప్లిఫయర్. సౌండ్ చాలట్లేదు, బేస్ లేదు, పాట పల్చగా ఉంది, గొంతు ఎక్కడో గోడవతల నుంచి వస్తున్నట్టుంది. ఫిర్యాదు ఏదైనా మందు మాత్రం అదే. కానీ యాంప్‌కు తెలిసిన పని ఒక్కటే: వచ్చిన సిగ్నల్ వోల్టేజీని పెంచి, హెడ్‌ఫోన్ లాగినంత కరెంటును తడబడకుండా ఇవ్వడం. తెగిన వైరును అది అతికించదు, నలిగిపోయిన కుషన్‌ను ఉబ్బించదు, ఫోన్ సెట్టింగుల్లో పొరపాటున మారిన దాన్ని సరిచేయదు. చెడిన శబ్దానికి యాంప్ తగిలిస్తే అదే చెడిన శబ్దం ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది ఆపిల్ తయారుచేసే యూఎస్‌బీ-సీ నుంచి 3.5 ఎంఎం జాక్‌కు మార్చే అడాప్టర్. అందరూ డాంగిల్ అనే అంటారు. చూస్తే జానెడైనా లేని తెల్ల వైరు ముక్క. లోపల మాత్రం డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే డాక్ (DAC), దాని వెనకే ఓ బుల్లి యాంప్ ఉన్నాయి. పాటలు వినడానికి పనికొస్తుంది, సరే. అంతకన్నా ఎక్కువగా రోగం ఎక్కడుందో తేల్చడానికి పనికొస్తుంది. పెద్ద యాంప్ అవసరం నిజంగా ఉందో లేదో ఇంత తక్కువ ఖర్చులో తేల్చే వస్తువు ఇంకొకటి దొరకడం కష్టం.

డాంగిల్ బలం ఎంత

ఇది రెండు రకాలుగా వస్తుంది. అమెరికాలో అమ్మే ఏ2049 మోడల్ పూర్తి వాల్యూమ్‌లో దాదాపు 1 వోల్టు ఇస్తుంది. ఐరోపా కోసం చేసిన ఏ2155 అందులో సగం, 0.5 వోల్టే. పైకి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, మోడల్ నంబరు చూస్తే తప్ప తేడా తెలియదు. వోల్టేజీ సగమైతే 6 డెసిబెల్ తగ్గుతుంది. అది చిన్న తేడా కాదు. ఒకే డాంగిల్ గురించి ఒకరు "బ్రహ్మాండం" అని, ఇంకొకరు "దండగ" అని రాయడానికి చాలాసార్లు కారణం ఇదే. కొనేముందు ఈ ఒక్క నంబరు చూసుకోండి.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే డాంగిల్ తన వంతుగా కరెంటుకు పెట్టే అడ్డు, సుమారు 1 ఓమ్. ఇది మంచి గుణం, ఎందుకో కింద వస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకే తీసుకుంటుంది. 96, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లను ఫోనో కంప్యూటరో కిందికి దించి దీనికి అందిస్తుంది. 48 కిలోహెర్ట్జ్ ఫైలులో 24 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, మనిషి చెవి పరిమితి 20 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ పోయేదేమీ లేదు.

ఇక చిరాకు పెట్టేవి రెండున్నాయి. మొదటిది, జాక్‌లో ఏమీ లేకపోతే ఈ డాంగిల్ నిద్రపోతుంది. ఖాళీగా కంప్యూటర్‌కు తగిలిస్తే సౌండ్ డివైస్‌ల జాబితాలో పేరే కనబడదు. చాలామంది అది పాడైందనుకుని తిప్పి పంపేస్తారు. ముందు హెడ్‌ఫోన్ ప్లగ్ దూర్చండి, పేరు వచ్చేస్తుంది. రెండోది ఇంకా పెద్దది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ డాంగిల్ లోపలి వాల్యూమ్ తక్కువ స్థాయిలోనే ఉండిపోతుంది. ఫోన్ స్లైడర్‌ను చివరిదాకా లాగినా ఫోన్ తన సిగ్నల్‌ను పెంచుతుందే తప్ప డాంగిల్ లోపలి మీటను కదపదు. అప్పుడు 1 వోల్టు రావలసిన చోట అందులో చిన్న భాగమే వస్తుంది. యూఎస్‌బీ ఆడియోను నేరుగా నడిపే ప్లేయర్ యాప్‌లలో హార్డ్‌వేర్ వాల్యూమ్ మీట ఉంటుంది, దాన్ని పైకి జరిపితే ఆ యాప్ వరకు పూర్తి బలం వస్తుంది. మిగతా యాప్‌ల సంగతి ఫోన్‌ను బట్టి. అందుకే ఇక్కడ చెప్పే పరీక్షలన్నీ మ్యాక్, విండోస్ కంప్యూటర్, ఐప్యాడ్, యూఎస్‌బీ-సీ ఉన్న ఐఫోన్ వీటిలో ఏదో ఒకదానితో చేస్తేనే మేలు. ఆండ్రాయిడ్‌లో సౌండ్ తక్కువొచ్చిందని హెడ్‌ఫోన్‌కు యాంప్ కావాలని తేల్చేయకండి.

చిన్న లెక్క

హెడ్‌ఫోన్‌కు ఎంత బలం కావాలన్నది ఇంపెడెన్స్ ఒక్కటే చూసి చెప్పలేం. "300 ఓములు, యాంప్ తప్పనిసరి" అనే మాట సగం నిజం. ఇంపెడెన్స్‌తో పాటు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన బలానికి హెడ్‌ఫోన్ ఎంత గట్టిగా మోగుతుందన్నది కూడా చూడాలి. ఇక్కడో తిరకాసుంది. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని 1 మిల్లీవాట్‌కు చెబుతాయి, కొన్ని 1 వోల్టుకు చెబుతాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పులో కాలేసినట్టే. మిల్లీవాట్ అంకెను వోల్టు అంకెగా మార్చడానికి 32 ఓముల హెడ్‌ఫోన్‌కు 15 కలపాలి, 80 ఓములకు 11, 250 ఓములకు 6, 300 ఓములకు 5, 600 ఓములకు 2. వచ్చిన మొత్తమే 1 వోల్టు ఇచ్చే డాంగిల్‌తో ఆ హెడ్‌ఫోన్ చేరగల గరిష్ఠ డెసిబెల్ స్థాయి.

ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ తీసుకోండి: 38 ఓములు, మిల్లీవాట్‌కు 99 డెసిబెల్. ఈ డాంగిల్‌తో 113 దాకా పోతుంది. స్టూడియోల్లో దశాబ్దాలుగా కనిపించే సోనీ ఎండీఆర్ 7506 అయితే 63 ఓములు, మిల్లీవాట్‌కు 106, అంటే 118. ఈ రెంటికీ యాంప్ పెట్టడం గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అన్నట్టుంటుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓముల మోడల్ 96కు 6 కలిపితే 102. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 అంకెను కంపెనీయే 1 వోల్టుకు ఇస్తుంది: 103. ఐరోపా డాంగిల్‌తో అయితే ఈ అంకెలన్నింటిలోంచీ 6 తీసేయాలి.

102 చాలా? అది మీరు వినే తీరును బట్టి ఉంటుంది. ఇంట్లో నింపాదిగా వినేవాళ్ల సగటు స్థాయి 70 నుంచి 80 మధ్య ఉంటుంది. ఇప్పటి సినిమా పాటలు శబ్దంలో ఎచ్చుతగ్గులను బాగా కుదించి తయారుచేసినవి కాబట్టి వాటిలో సగటుకూ శిఖరానికీ మధ్య దూరం పది డెసిబెల్ అటూ ఇటూ. ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో, పాత పద్ధతిలో మాస్టరింగ్ చేసిన కచేరీల్లో ఆ దూరం 20 దాటవచ్చు. సగటు 78కి 20 కలిపితే 98. డీటీ 990 కి ఇంకా కాస్త జాగా మిగిలే ఉంది. అదే మనిషి సగటు 85 కావాలంటే శిఖరం 105కు పోతుంది, అప్పుడు డాంగిల్ చేతులెత్తేస్తుంది. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కూ వినదగిన సమయం సగమవుతుంది. 86 దగ్గర వింటే వారానికి 10 గంటలే. యాంప్ కొనాలనిపించే ముందు చూసుకోవలసిన అంకె ఇది కూడా.

కాబట్టి పరీక్ష చాలా తేలిక. మీరు తరచూ వినే వాటిలో అన్నిటికన్నా మెల్లగా రికార్డయిన పాట పెట్టండి. యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేయండి. అది ఉంటే గట్టిగా ఉన్న పాటలను కిందికి దించేస్తుంది, లెక్క తప్పుతుంది. ఈక్వలైజర్ తీసేయండి. ఇప్పుడు మీకు హాయిగా అనిపించే చోటికి స్లైడర్ జరపండి. చివర ఇంకా జాగా మిగిలిందా? అయితే బలం చాలుతోంది. పెద్ద యాంప్ మీకిచ్చేది మీరెప్పుడూ తిప్పని వాల్యూమ్ మాత్రమే. స్లైడర్ చివర తాకి ఇంకా కావాలనిపిస్తే, లేదా చివరికొచ్చేసరికి డప్పు దెబ్బలు చిట్లుతుంటే, అప్పుడు మాత్రం యాంప్ గురించి ఆలోచించవచ్చు.

2021లోనో ఆ తర్వాతో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో ఉన్నవాళ్లకు డాంగిల్ కూడా అక్కర్లేదు. వాటి జాక్ తగిలించిన హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ కొలుచుకుని 150 ఓములకు లోపైతే 1.25 వోల్టులు, ఆపైన 1 కిలో ఓమ్ దాకా 3 వోల్టులు ఇస్తుంది. 3 వోల్టుల దగ్గర హెచ్‌డీ 650 లెక్కకు 112 దాటుతుంది.

బలం చాలుతోంది, అయినా బాలేదు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. యాంప్ కోసం వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీని కిందికే వస్తుంది. డాంగిల్ పెట్టగానే రోగం పోయిందంటే తప్పు పాత జాక్‌దో పాత సౌండ్ కార్డుదో. డాంగిల్‌తో కూడా అలాగే ఉందంటే హెడ్‌ఫోన్, వైరు, సెట్టింగు, ఫైలు ఈ నాలుగింట్లో ఒకటి.

పాటలో గాయకుడి గొంతు మాయమై వాయిద్యాలు మాత్రం బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తే అది బలం సమస్య కానే కాదు. రెండు చెవుల డ్రైవర్లకూ (కప్పుల్లో శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లకు) ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ వైరు తెగింది, లేదా ప్లగ్ పూర్తిగా దిగలేదు. గ్రౌండ్ పోతే రెండు డ్రైవర్లూ ఎడమకూ కుడికీ మధ్య వరుసగా కలిసిపోతాయి. అప్పుడు రెండు చానళ్ల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. ముందు ఫోన్ కవర్ తీసి చూడండి, మందపాటి కవర్లు ప్లగ్‌ను అర మిల్లీమీటరు బయటే ఆపేస్తాయి. జేబుల్లో తిరిగే ఫోన్ జాక్‌ల అడుగున నూలు పోగులు గట్టిపడి కూర్చుంటాయి. ఫోన్ ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగేయాలి. సూది, పిన్నీసు లాంటి లోహం వస్తువులు వద్దు, లోపలి కాంటాక్టులు వంగుతాయి. పాత హెడ్‌సెట్లలో ఇంకో మెలిక ఉంది. మైకు ఉన్న నాలుగు భాగాల ప్లగ్‌లలో గ్రౌండ్, మైకు స్థానాలు తారుమారైన రకం ఒకటి ఉండేది. దాన్ని ఇప్పటి జాక్‌లో పెడితే ఇదే డొల్ల శబ్దం వస్తుంది. మైకు బటన్ నొక్కి పట్టుకోండి, గొంతు తిరిగొస్తే కారణం అదే. చిన్న మార్పిడి అడాప్టర్‌తో సరిపోతుంది.

ఒక చెవిలో తక్కువొస్తే ముందు ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో బ్యాలెన్స్ నడిమధ్యలో ఉందో లేదో చూడండి. ఉంటే హెడ్‌ఫోన్‌ను తలమీద ఎడమ కుడి మార్చి పెట్టుకోండి. తక్కువదనం హెడ్‌ఫోన్‌తో పాటు పక్క మారితే తప్పు పరికరానిది. మారకుండా అదే చెవిలో ఉండిపోతే ఆ చెవిలో గుబిలి పేరుకుందేమో డాక్టరుకు చూపించుకోండి. ఇది హాస్యం కాదు, నిజంగానే జరిగేదే. వైరు విడదీయగలిగే హెడ్‌ఫోన్ అయితే రెండు పక్కల కనెక్టర్లను తారుమారు చేయండి. తప్పు వైరు వెంట వెళితే వైరు, కప్పుతోనే ఉండిపోతే డ్రైవర్. హెచ్‌డీ 600, 650ల కనెక్టర్లలో ఒక పిన్ను లావు, ఒకటి సన్నం. బలవంతంగా తిరగేసి దూర్చకండి. ఈ జాతి కనెక్టర్లు ఏళ్ల తరబడి వాడితే తుప్పు పొర పట్టి అప్పుడప్పుడూ ఒక పక్క మూగబోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో పిన్నులు తుడిచి, ఆరాక నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలామటుకు దారికొస్తుంది. చెవిలో దూర్చుకునే ఇన్-ఇయర్లయితే ముందు చూడాల్సింది మూతి దగ్గరి జల్లెడ. అక్కడ గుబిలి అడ్డుపడితే శబ్దం తగ్గడమే కాదు, పై స్వరాలు ముందుగా చస్తాయి.

మల్టీమీటర్ ఉంటే ఊహించే పనే లేదు. ప్లగ్‌ను దేనికీ తగిలించకుండా ఓమ్స్ మీద పెట్టి కొనకూ మొదలుకూ మధ్య కొలవండి, అది ఎడమ. నడిమి రింగుకూ మొదలుకూ మధ్య కొలవండి, అది కుడి. ఇది మూడు భాగాల ప్లగ్ సంగతి. మైకు ఉన్న ఇప్పటి నాలుగు భాగాల ప్లగ్‌లో మొదలు మైకుది, దాని పక్క రింగు గ్రౌండు. రెండు అంకెలూ దాదాపు సమానంగా, హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌కు దగ్గర్లో రావాలి. ప్రోబ్ తాకినప్పుడు ఆ పక్క కప్పులో టిక్కుమనే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. అంకె రాకపోతే తీగ తెగింది. కొలుస్తూనే ప్లగ్ మొదట్లో, కప్పులోకి దూరేచోట వైరును వంచి చూడండి. అంకె గెంతులేస్తే అక్కడే తెగింది. చాలాసార్లు ప్లగ్ దగ్గరే తెగుతుంది, ఎందుకంటే రోజూ వంగేది అక్కడే. రెండు సెంటీమీటర్లు పైన కోసి కొత్త ప్లగ్ వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఈ వైర్లలో సన్నటి రాగి తీగలకు రంగు లక్క పూత ఉంటుంది. అది కాలిపోయేదాకా వేడి సోల్డర్ బొట్టులో కొన ముంచి ఉంచాలి. పూత పోకుండా అతికిస్తే పైకి బాగానే కనిపిస్తుంది, శబ్దం మాత్రం రాదు.

బేస్ తగ్గిందంటే ముందు కుషన్లు చూడండి. ముఖ్యంగా మూసిన కప్పుల రకాల్లో బేస్ అంతా కుషన్ చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కోవడం మీదే నిలబడి ఉంటుంది. కప్పులను రెండు చేతులతో చెవులకేసి మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే సందు ఉందన్నమాట. కళ్లజోడు కాడ కింద, దట్టమైన జుట్టు కింద, పగిలిన రెక్సిన్ దగ్గర గాలి పోతోంది. తెరిచిన కప్పుల రకాల్లో కథ వేరు. కుషన్ నలిగే కొద్దీ చెవి డ్రైవర్‌కు దగ్గరవుతుంది, శబ్దం స్వభావమే మారిపోతుంది. హెచ్‌డీ 650 లాంటివి "ఇదివరకటిలా లేవు" అనిపించడానికి ఎక్కువసార్లు కారణం అదే. కొత్త కుషన్ల జత ఏ యాంప్ కన్నా పెద్ద మార్పు తెస్తుంది. కంపెనీ కుషన్లే వేయాలి. ఆకారం సరిపోయింది కదా అని మందం, గుడ్డ వేరే ఉన్నవి వేస్తే అది ఇంకో హెడ్‌ఫోన్ అయిపోతుంది.

బరబరమనే చప్పుడుకు మూడు పుట్టుకలున్నాయి, మూడింటినీ విడదీయవచ్చు. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పాకే టోన్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. ఏదో ఒక్కచోట మాత్రమే జీర వచ్చి తర్వాత పోతే డ్రైవర్ పొర మీద వెంట్రుక పడింది, లేదా ఏదో స్క్రూ వదులైంది. కుషన్ తీసి రబ్బరు బల్బుతో ఊది చూడండి. వాక్యూమ్ క్లీనర్ పెడితే పొర ముడతపడుతుంది. తక్కువ వాల్యూమ్‌లో శుభ్రంగా ఉండి, పెంచినప్పుడు మాత్రమే బేస్ దెబ్బలు పగిలితే ఈక్వలైజర్ వైపు చూడండి. బేస్‌ను 6 డెసిబెల్ పెంచి, ఈక్వలైజర్‌లోనే మొత్తం స్థాయిని మార్చే ప్రీయాంప్ మీటను అంతే తగ్గించకపోతే ఫైలులో ఇప్పటికే పైకప్పు తాకుతున్న శిఖరాలు తెగిపోతాయి. తెగింది డిజిటల్‌లో కాబట్టి తర్వాత ఎంత పెద్ద యాంప్ పెట్టినా ఆ పగులు అలాగే వస్తుంది. ప్రీయాంప్‌ను మైనస్ 6 చేయండి, పోతుంది. అలా చేశాక వాల్యూమ్ చాలకపోతే, అదిగో అప్పుడు యాంప్‌కు న్యాయమైన కారణం దొరికినట్టు. మూడోది, ఈక్వలైజర్ లేకుండానే స్లైడర్ చివరి అంచులో మాత్రం పగలడం. అంతే గట్టిగా ఇంకో బలమైన పరికరంతో విన్నప్పుడు శుభ్రంగా ఉంటే డాంగిల్ బలం అయిపోయినట్టే. యాంప్ నయం చేసే జీర ఈ ఒక్కటే.

కంప్యూటర్‌లో పాట ఒకే లయలో టిక్ టిక్ మంటూ తెగుతుంటే అది హెడ్‌ఫోన్‌కు సంబంధం లేని విషయం. డాంగిల్‌ను హబ్‌లోంచి తీసి నేరుగా పోర్టుకు పెట్టండి, ఆడియో బఫర్ (శబ్దాన్ని ముందుగా కాస్త నిలవ ఉంచుకునే జాగా) పెంచండి. విండోస్‌లో కాల్ రాగానే పాట నీరసపడితే సౌండ్ ప్యానెల్ కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో "80 శాతం తగ్గించు" అన్నది ఎంచి ఉంటుంది, దాన్ని "ఏమీ చేయవద్దు"కు మార్చండి. ఐఫోన్‌లో పాట ఒక స్థాయి దాటి పెరగకపోతే హెడ్‌ఫోన్ సేఫ్టీ కింద పెద్ద శబ్దాలను తగ్గించే మీట వేసి ఉందేమో చూడండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు యాంప్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: దాని యాంప్ దాని కప్పులోనే ఉంది, బయట పెట్టడానికి చోటే లేదు. మీటింగ్ మొదలవగానే శబ్దం పాతకాలపు టెలిఫోన్‌లా మారిపోతే, మైకు తెరుచుకోగానే అది కాల్స్ మోడ్‌కు మారి 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మోనోకు పడిపోయిందని అర్థం. మైకుగా ల్యాప్‌టాప్ మైకును ఎంచుకుంటే శబ్దం తిరిగొస్తుంది. అదే హెడ్‌ఫోన్‌ను వైరుతో, స్విచ్ ఆపేసి వింటే వేరేలా వినిపించడం కూడా తప్పు కాదు. దాని శబ్దాన్ని దిద్దే లోపలి సర్క్యూట్ అప్పుడు నిద్రలో ఉంటుంది.

బుసబుస, అవుట్‌పుట్ ఇంపెడెన్స్

డాంగిల్ 1 ఓమ్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ మంచి గుణమన్నాం కదా. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి రకం డ్రైవర్లు ఎక్కువున్న ఇన్-ఇయర్ల ఇంపెడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 8 ఓములు, ఇంకోచోట 40 ఓములు ఉన్నదాన్ని 10 ఓముల అవుట్‌పుట్ ఉన్న యాంప్‌కు తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్ తేడా పుట్టుకొస్తుంది. తయారుచేసినవాళ్లు ఊహించని ఈక్వలైజర్ అది. 1 ఓమ్‌తో అదే తేడా 1 డెసిబెల్‌కు లోపే. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్న వాడుక సూత్రం ఇందుకే. పాత స్టీరియో రిసీవర్ల హెడ్‌ఫోన్ జాక్‌ల్లో వంద ఓములు దాటినవి ఎన్నో ఉన్నాయి. వాటితో హెచ్‌డీ 650కి నడిమి బేస్ ఓ డెసిబెల్ పెరిగి కొందరికి "వెచ్చగా" నచ్చుతుంది. నచ్చితే తప్పేం లేదు, కానీ అది బలం వల్ల వచ్చిన వెచ్చదనం కాదు. ప్లానార్ (చదునైన పల్చటి పొరతో మోగే రకం) హెడ్‌ఫోన్లకు ఇంపెడెన్స్ గీత గీసినట్టు సమంగా ఉంటుంది, వాటి స్వరం దీనివల్ల మారదు.

ఇన్-ఇయర్లకు పెద్ద యాంప్ తగిలిస్తే కొత్త రోగాలే వస్తాయి. పాట ఆపినా బుస్సుమంటుంటే, వాల్యూమ్ తిప్పినా ఆ బుస మారకపోతే అది యాంప్ సొంత నాయిస్. తిప్పితే పెరిగితే వెనకున్న డాక్‌ది. ఇంకోటి, నాబ్ మొదట్లో ఎడమ కుడి సమంగా ఉండవు. మామూలు వాల్యూమ్ నాబ్‌లన్నిటిదీ అదే బలహీనత. గెయిన్ (యాంప్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే మీట) తక్కువలో పెట్టి, కంప్యూటర్ వాల్యూమ్ కాస్త దించి, నాబ్‌ను సగం దాకా తిప్పుకునే వీలు చేసుకోవాలి. గుయ్‌మనే హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోతే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల గ్రౌండ్ వైర్లు ఒక చుట్టుగా కలవడం వల్ల పుట్టిన హమ్. మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటే యూఎస్‌బీ కరెంటుతో పాటు వస్తున్న చెత్త. డాక్‌కు ఆప్టికల్ దారి (సిగ్నల్‌ను వెలుగుగా పంపే వైరు) ఉంటే అటు మార్చండి, రెండూ తెగిపోతాయి. బుల్లి డాంగిల్‌కు ఈ బాధలు లేకపోవడానికి ఒక కారణం అది గోడ కరెంటు జోలికి పోకపోవడమే.

డాంగిల్ ఓడిపోయే చోటు

హైఫైమ్యాన్ హెచ్ఈ 6 దీనికి మంచి ఉదాహరణ. 50 ఓములే, చూడ్డానికి తేలిక. కానీ మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్ మాత్రమే. డాంగిల్ ఇచ్చే 1 వోల్టుతో 96.5 దగ్గర ఆగిపోతుంది. శిఖరం 110 కావాలంటే 4.7 వోల్టులు, 95 మిల్లీఆంపియర్లు, అంటే దాదాపు 450 మిల్లీవాట్లు కావాలి. అదే 110కి హెచ్‌డీ 650 అడిగేది 2.2 వోల్టులు, 7.5 మిల్లీఆంపియర్లు, 17 మిల్లీవాట్లే. ఒకటి వోల్టేజీకి ఆకలి, ఒకటి కరెంటుకు కూడా ఆకలి. యాంప్ పెట్టె మీద "1 వాట్" అని ఒక్క అంకె వేస్తే నమ్మకండి, అది ఎన్ని ఓముల దగ్గరో చూడండి. 300 ఓముల దగ్గర ఎన్ని వోల్టులు, 32 ఓముల దగ్గర ఎన్ని మిల్లీవాట్లు అన్న రెండు అంకెలూ ఉండాలి.

పోల్చి వినేటప్పుడు డాంగిల్‌నూ యాంప్‌నూ సమాన స్థాయికి తేవాలి. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి రెండు చోట్లా ఒకే అంకె వచ్చేలా సరిచేయండి. ప్లగ్ దగ్గర కొలవడానికి రెండు దారుల స్ప్లిటర్ సాయపడుతుంది. ఒక శాతం తేడాకు లోపల ఉంటే సరే. ఇలా చేయకపోతే ఒక డెసిబెల్ గట్టిగా ఉన్నదే "వివరంగా, బేస్ నిండుగా" వినిపిస్తుంది. స్థాయి తగ్గే కొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికన్నా ఎక్కువగా తగ్గుతుంది, యాంప్ పెట్టగానే బేస్ వచ్చిందనిపించడంలో సింహభాగం దీనిదే. సమానం చేశాక హెచ్‌డీ 650, డీటీ 990లకు మామూలు వాల్యూమ్‌లో అమెరికా డాంగిల్‌కూ బల్ల మీది యాంప్‌కూ తేడా పట్టుకోవడం చాలా కష్టం. హెచ్ఈ 6కైతే కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

చివరికి యాంప్ తెచ్చుకున్నారనుకోండి. డాంగిల్‌నే దానికి సోర్సుగా వాడుకోవచ్చు. డాంగిల్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, 3.5 ఎంఎం నుంచి ఆర్‌సీఏ వైరుతో యాంప్ వెనక ఇవ్వండి. బల్ల మీది డాక్‌లు సాధారణంగా ఇచ్చే 2 వోల్టుల్లో ఇది సగమే కాబట్టి గెయిన్ ఒక మెట్టు పైన పెట్టాల్సి రావచ్చు, అంతే. బ్యాలెన్స్‌డ్ 4.4 ఎంఎం జాక్ ఉన్న యాంప్ అయితే దాంట్లోంచి వోల్టేజీ సుమారు రెట్టింపు, అంటే 6 డెసిబెల్ అదనం. కానీ ఆ జాక్‌కు మామూలు 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ తగిలించే అడాప్టర్లు కూడా అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు. ఆ జాక్‌లో ఎడమ, కుడి నెగెటివ్‌లు గ్రౌండ్ కావు, రెండు వేర్వేరు యాంప్‌ల అవుట్‌పుట్‌లు. అడాప్టర్ వాటిని ఒకదానికొకటి అతికించేస్తే యాంప్ కాలిపోవచ్చు. అటు నుంచి ఇటు, అంటే 4.4 ప్లగ్ ఉన్న హెడ్‌ఫోన్‌ను మామూలు జాక్‌కు మార్చే అడాప్టర్‌తో మాత్రం ఏ ప్రమాదమూ లేదు.